భూమిలో దొరకిన నాణెము

లంకెబిందెల కథ వినని తెలుగుబిడ్డ యుండడు. బీదకాపు పొలము దున్నుచుండగా నాగటికఱ్ఱుకు ఖణీలుమని యేదియో తగులుట, త్రవ్విచూడగా గొలుసుతో జతపఱచిన రెండు బిందెలు వెలువడుట, వానినిండ బంగారుకాసు లుండుట, వానికొక ముసలిపాము కావలియుండుట — ఇవియన్నియు అవ్వలు చెప్పగా మనమందఱము వినియున్నాము. ఆ కథలు కాసులు దొరకుటతోనే ముగియును. ఆ కాసు లే రాజు కాలమునాటివి, వాని నెవరు పాతిపెట్టిరి, ఏ యాపద వచ్చి తిరిగి త్రవ్వుకొనలేకపోయిరి అను ప్రశ్నల నే యవ్వయు వేయదు. ఈ వ్యాసమున నేను విన్నవింపదలచినది ఆ వేయని ప్రశ్నలను గుఱించియే.

పూర్వము నాగలి యాదృచ్ఛికముగా చేసిన పనిని నేడొక యంత్రము బుద్ధిపూర్వకముగా చేయుచున్నది. రైలుస్టేషనులయందును, పెద్ద దేవాలయముల ద్వారములయొద్దను మనుష్యులను పరీక్షించు మెటల్ డిటెక్టరును మన విద్యార్థు లెఱుగుదురు. దానికి తోబుట్టువగు చేతికఱ్ఱవంటి యంత్రమొకటి కలదు. కఱ్ఱ చివరను పళ్లెమంత తీగచుట్ట యుండును. అందు విద్యుత్తు ప్రవహించుటచే చుట్టును అయస్కాంతక్షేత్ర మేర్పడును. నేలలో లోహమున్నచో దానియందు సన్నని విద్యుత్ప్రవాహములు పుట్టి యా క్షేత్రమును కలతపెట్టును. ఆ కలతయే చెవికి చప్పుడుగా వినవచ్చును. చిన్న నాణెమును జానెడు లోతువఱకు మాత్రమే యిది సాధారణముగా కనిపెట్టును. 1941లో యోజెఫ్ కొసాట్స్కి యను పోలెండుదేశపు సైనికోద్యోగి స్కాట్లండునందుండి, శత్రువులు పాతిన మందుపాతరలను వెదకుటకు దీని నొక యనుకూలమైన రూపమునకు తెచ్చెను. 1942లో ఎల్ అలమైను యుద్ధమున నది యుపయోగింపబడెను. సైనికుల ప్రాణములు కాచిన యీ యంత్రము యుద్ధానంతరమున క్రమముగా చవుకయై వినోదసాధనముగా మాఱెను. 1970 తరువాత ఇంగ్లండున వేలకొలది జనులు, సెలవుదినమున గాలము పుచ్చుకొని చెఱువుగట్టునకు పోవువారివలె, దీనిని భుజమున వైచుకొని పొలములవెంట తిరుగ మొదలిడిరి.

అంతట వివాదము పుట్టెను. 1979లో ఆంగ్లప్రభుత్వమువారు రక్షిత ప్రాచీనస్థలములయందు అనుమతిలేక యీ యంత్రమును వాడరాదని శాసించిరి. 1980లో పురాతత్త్వజ్ఞులు, మన గతము నెత్తుకొనిపోవుట మానుడను నర్థము గల పేరుతో పెద్ద ప్రచారమును లేవదీసిరి. యంత్రధారులు కోపించిరి. తాము దొంగలము కామనియు, పొలము యజమానుని సెలవుతోనే వెదకుచున్నామనియు, చరిత్ర పండితుల పిత్రార్జితము కాదనియు వాదించిరి. ఇరుపక్షములవారును ఒండొరుల మొగములు చూడని దినములు కొన్ని గడచినవి.

పండితుల వాదమును మొదట పరిశీలింతము. మన పాఠశాలలో తపాలాబిళ్లలు కూర్చు బాలు రనేకులు కలరు. వారిలో నొకడు తాతగారి పెట్టెలోని పాత దస్తావేజునుండి స్టాంపును కత్తిరించి తన పుస్తకమున నంటించుకొన్నాడనుకొందము. వానికి స్టాంపు దక్కును. ఇంటివారికి దస్తావేజు చెడును. నేలలోని నాణెమును అట్టిదే. అది యే మట్టిపొరలో నున్నది, ఏ కుండపెంకులతో కలసియున్నది, ఇంటిగచ్చు క్రిందనా, పొయ్యిప్రక్కనా, సమాధియందా అను సంగతులే దస్తావేజు. నాణెము దానిపైనున్న స్టాంపు మాత్రమే. త్రవ్వి తీసిన మఱుక్షణమున ఆ సంగతులు నశించును. నాణెమును మరల గోతిలో వైచినను అవి తిరిగిరావు.

జర్మనీదేశమున జరిగినదానిని చూడుడు. 1999లో నెబ్రా యను నూరిసమీపపు కొండమీద అనుమతిలేక యంత్రమును త్రిప్పుచున్న యిరువురకు దాదాపు 32 సెంటీమీటరుల వెడల్పు గల కంచుపళ్లె మొకటి దొరకెను. దానిపై బంగారురేకులతో సూర్యుడో పూర్ణచంద్రుడో యనదగిన బింబమును, నెలవంకయు, నక్షత్రములును పొదుగబడియున్నవి. దాదాపు 3,600 ఏండ్లనాటిదని పండితులు పెక్కుమంది తలచు నా పళ్లెము, ఆకాశమును ఉన్నదున్నట్లు చూపిన మిక్కిలి ప్రాచీనములగు చిత్రములలో నొకటి. దొరకినవారు తొందరపడి పెకలించుటచే దాని యంచు దెబ్బతినెను. వారు దానిని వెంటనే యమ్మివేసిరి. అది చేతులు మాఱి మాఱి, తుదకు 2002లో స్విట్జర్లండులోని బాజెల్ నగరమున, హరాల్డ్ మెల్లర్ అను పురాతత్త్వజ్ఞుడు కొనువానివలె నటించి పోలీసుల సాయమున పట్టుకొనుటచే, ప్రజల సొత్తయ్యెను. కథ యింతటితో సుఖాంతమైనట్లు తోచును. కాని 2020లో ఇరువురు పండితులు, అది నిజముగా ఆ స్థలముననే దొరకినదా, తక్కిన కత్తులు గొడ్డళ్లతో కలసియే యుండెనా యని సందేహించి, దాని వయస్సును వేయేండ్లవఱకు తగ్గింపవలెనని వాదించిరి. ఇతరులు ఖండించిరి. శ్రద్ధగా త్రవ్వబడియుండినచో ఆ వాదమునకు తావే యుండకపోవును. పళ్లెము నేడు హాలె నగరపు వస్తుప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. దాని సాక్ష్యము మాత్రము దొంగల నోటిమాటపై నాధారపడియున్నది.

దూరదేశపు మాట యేల? మన నెల్లూరిసీమయందే యిట్టిది జరిగినది, అదియు యంత్రములు పుట్టకమునుపే. 1786 ప్రాంతమున నెల్లూరు చేరువ నొక రైతు రాతికొండ ప్రక్కను దున్నుచుండగా నాగలి యిటుకకట్టడమునకు తగిలెను. త్రవ్విచూడగా చిన్నగుడి శిథిలమును, దానిక్రింద నొక చిన్నకుండయు, ఆ కుండలో రోమక చక్రవర్తుల బంగారునాణెములును కనబడెను. ట్రేజను, హేడ్రియను, ఫౌస్టీనా మొదలగువారి ముద్రలు గల క్రీస్తుశకము రెండవశతాబ్దపు నాణెము లవి. రైతు వానిని పాతబంగారముగా నమ్మివేసెను. పెక్కులు మూసలో కరగిపోయినవి. ముప్పదికి పైబడినవి మాత్రము ఆర్కాటు నవాబుగారి కుమారుని చేతికి వచ్చుటచే మద్రాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు డేవిడ్సను వానిని చూచి వ్రాసియుంచెను. కొన్ని టంకసాలనుండి యప్పుడే వచ్చినట్లు మెఱయుచుండెననియు, కొన్ని నగలుగా ధరింపబడినట్లు తూట్లు కలిగియుండెననియు ఆతడు వ్రాసెను. ఆ గుడి యే దేవునిది? ఆ కుండ భక్తుల కానుకయా, వర్తకుని నిక్షేపమా? తూట్లు గల నాణెము లే యింటియాడుబిడ్డ మెడలోనివి? తెలుగుతీరమునకును రోమునకును నడచిన వర్తకమునుగుఱించి మన మెంతయు తెలిసికొనదగిన చోట, మనకు మిగిలినది రెండుపుటల యుత్తరము మాత్రమే. రైతును నేను తప్పుపట్టను. ఆతనికి చెప్పుకొనుట కెవరును లేరు. చెప్పినచో బంగారము పోవుటయేగాని వచ్చుట లేదు. ఈ మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొన గోరెదను. ఏలయన నా వాదమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

ఇక యంత్రధారుల పక్షము. 1992 నవంబరు 16వ తేదీన ఇంగ్లండులోని హాక్సన్ గ్రామమున నొక రైతు తన సుత్తిని పొలములో పోగొట్టుకొని, యంత్రము గల స్నేహితుడగు ఎరిక్ లాసును వెదకిపెట్టుమని కోరెను. లాసుకు సుత్తికి బదులు వెండిచెంచాలును, బంగారునాణెములును కనబడినవి. కొన్నిటిని తీసినపిమ్మట ఆతడు త్రవ్వుట నిలిపెను. ఇదియే యీ కథలోని ఘనకార్యము. రైతుతో కూడ అధికారులకు తెలియజేసెను. మఱునాడే పురాతత్త్వజ్ఞులు వచ్చి మట్టితో సహా ఖండములుగా తీసి పరిశోధించిరి. దాదాపు 15,000 నాణెములును, రెండువందల వెండిబంగారు వస్తువులును దొరకినవి. అంతకంటె ముఖ్యముగా, అవి యొక కఱ్ఱపెట్టెలో నెట్లు సర్దబడెనో, లోపల చిన్నపెట్టె లెన్ని యుండెనో, వేనిని గుడ్డలో చుట్టిరో తెలియవచ్చెను. రోమకాధిపత్యము బ్రిటనును విడిచిపోవుచున్న అయిదవశతాబ్దారంభమున ఒక సంపన్నకుటుంబము తిరిగివత్తుమను నాసతో పాతిపెట్టిన సొమ్మది. అందు మిరియములపొడి చల్లుకొను వెండిపాత్రలు నాలుగు కలవు. మిరియములు మన దక్షిణదేశమునుండి యోడలమీద పోయినవే కదా! లాసుకు 17,50,000 పౌండ్ల బహుమాన మీయబడగా నాతడు రైతుతో పంచుకొనెను. ఆ సుత్తియు దొరకెను; అదియు నేడు బ్రిటిషు మ్యూజియములోనే యున్నది.

యంత్రధారుల కనుకూలముగా మఱియొక మాట కలదు. దున్నెడు పొలములోని వస్తువులు నేలలో నిత్యము క్షేమముగా నుండవు. ఏటేట లోతుగా దున్ను ట్రాక్టరులు వానిని చిదుకగొట్టును. ఎరువులు లోహమును తినివేయును. 2009లో స్టాఫర్డుషైరున నొక యంత్రధారికి దొరకిన ఏడవశతాబ్దపు నిధిని — బంగారమే నాలుగు కిలోలు — నాగలి యప్పటికే చెదరగొట్టియుండెను. వెదకకుండినచో అది పండితులకు దక్కియుండునా? నేల ముట్టకుండినచాలునను వాదము పాడుబడిన కోటయందు సరియేగాని, నాగలి క్రింది భూమియందు సంపూర్ణముగా చెల్లదు.

అయితే యందఱును లాసులు కారు. 1983 మొదలు 1985 వఱకు సర్రీమండలములోని వాన్‌బరో యను గ్రామమున రోమకకాలపు దేవాలయస్థలము బయటపడినదని తెలియగానే రాత్రులయందు దొంగలు యంత్రములతో వచ్చి గోతులమయము చేసిరి. వేలకొలది ప్రాచీన నాణెములు దేశదేశములకు అమ్ముడుపోయినవి. అప్పటి చట్టము ప్రకారము, తిరిగి తీసికొనుతలంపుతోనే పాతిపెట్టబడిన వెండిబంగారములు మాత్రమే రాజుసొత్తు; చచ్చినవాని తలంపును న్యాయస్థానమున నిరూపించు టెట్లు? ఈ యవమానమునుండి 1996 సంవత్సరపు నిధిచట్టము పుట్టినది. దాని ననుసరించి 300 ఏండ్లకు పైబడిన వెండిబంగారు వస్తువులు దొరకినవారు పదునాలుగు దినములలో కారొనరు అను విచారణాధికారికి తెలుపవలెను. మ్యూజియము కొనినచో వెలను దొరకినవానికిని భూమి యజమానునికిని సాధారణముగా చెఱిసగము పంచుదురు. చట్టముకంటె గొప్పది దానివెంట 1997లో ప్రారంభమైన యొక యేర్పాటు: ప్రతిప్రాంతమునందును ఒక యుద్యోగి యుండును, ఎవరైనను తుప్పుపట్టిన బొత్తామునుగాని, విఱిగిన ఉంగరమునుగాని తెచ్చి చూపవచ్చును. ఆతడు దానిని కొలిచి, దొరకినచోటు వ్రాసికొని, వస్తువును తిరిగి యిచ్చివేయును. 2020 నాటి కిట్లు వ్రాయబడిన వస్తువులు పదునైదు లక్షలు. వానిలో నధికభాగము యంత్రధారులు తెచ్చినవే. బెదరించిన కాలమున రానిది, పిలిచి కూర్చుండబెట్టగా వచ్చినది.

దాచినవారికి శిక్షయు తీవ్రముగానే యున్నది. 2015లో హెర్ఫర్డుషైరున ఇరువురు యంత్రధారులు వైకింగుల కాలపు నిధిని కనుగొని యెవరికిని చెప్పక అమ్మజూపిరి. దాదాపు 300 నాణెము లుండెనని న్యాయస్థానమున తేలగా, చేజిక్కినవి 31 మాత్రమే. ఆల్ఫ్రెడ్ మహారాజును, చరిత్రకారులు చేతగానివాడని తీసివైచిన కియోల్‌వుల్ఫ్ రాజును, ఒకే నాణెముపై ప్రక్కప్రక్కను కూర్చుండిన చిత్రము వానిలో నున్నది! అనగా వారిరువురును ఒకప్పుడు మిత్రులే. ఆ మైత్రిచరిత్రకు సాక్షులగు తక్కిన నాణెము లెక్కడ తిరుగుచున్నవో! 2019లో దోషులకు దీర్ఘకాలపు చెఱసాలశిక్షలు విధింపబడినవి.

ఐర్లండుదేశము వేఱుత్రోవ త్రొక్కినది. 1980లో డెర్రినఫ్లాన్ అను ప్రాచీన మఠస్థలమున తండ్రికొడుకులకు యంత్రముతో వెండి పానపాత్రయు, అర్పణపు పళ్లెరమును దొరకినవి. ఎవరి సొత్తని యేండ్లతరబడి వ్యాజ్యము నడచి, 1987లో అత్యున్నతన్యాయస్థానము రాజ్యముదేయని తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే, అనుమతిలేక పురావస్తువులకై యంత్రమును వాడరాదని చట్టమును చేసిరి.

ఈ రెంటిలో నేది మంచిది? నా మట్టుకు నేను ఇంగ్లండు పద్ధతివైపే మ్రొగ్గుదును, కాని యొక యాక్షేపణతో. దొరకినవానికి బంగారపు వెలనుబట్టి బహుమాన మిచ్చుట కన్నును మట్టినుండి మెఱుపునకు త్రిప్పును. 2010లో కంబ్రియాసీమయందు కంచుతో చేయబడిన రోమకుల శిరస్త్రాణ మొకటి దొరకగా, అది బంగారమును వెండియు కాదు కాబట్టి నిధి కాదని చట్టము చేతులు ముడుచుకొనెను. వేలమున ఇరువదిరెండు లక్షల పౌండ్లకు పైగా పలికి, అది అజ్ఞాతవ్యక్తి యింటికి పోయెను. 2023లో గాని, లోహమేదైనను చరిత్రకు విశేషముగా నుపకరించు 200 ఏండ్లకు పైబడిన వస్తువును నిధిగా నెంచవచ్చునని సవరణ రాలేదు. ఇంకొక యడుగు వేసి, త్రవ్వుట నిలిపి కబురుపంపినవానికి హెచ్చుగాను, అంతయు పెకలించి సంచిలో తెచ్చినవానికి తక్కువగాను బహుమాన మీయవలెనని నా యభిప్రాయము. అచ్చటి యధికారులు పెకలించి చెఱచినవాని బహుమానమును తగ్గించు నధికారమును కలిగియున్నారు. దానిని మొగమోటములేక వాడవలెను.

అట్లయిన మనదేశమునను యంత్రమును విడిచిపెట్టుదమా? కూడదు. మనయొద్ద ఆ యంత్రము సెలవుదినపు వినోదము కాదు. గుప్తనిధులకై అమావాస్యనాటిరాత్రి పాడుగుళ్లయందు నందివిగ్రహములను పగులగొట్టు మూకల చేతిలో నది పాఱకు తోడైన గునపము. భట్టిప్రోలును తలచుకొనుడు. 1892లో అలెగ్జాండరు రీ యను నుద్యోగి అచ్చటి బౌద్ధస్తూపమున మూడు రాతిభరిణెలను కనుగొనెను. లోపల స్ఫటికపుబుడ్డియు, బంగారుపూవులును, ముత్యములును ఉండెను. ఆ రాతిమూతల యంచులమీది వ్రాతలే మన తెలుగులిపి పుట్టుకను వెదకువారికి మొదటి మెట్లలో నొకటి. బంగారుపూవులను వినిన యంత్రము రాతివ్రాతను వినదు. నిధికై పోయినవాడు పూవులు జేబులో వైచుకొని మూతను పొలమున పాఱవైచియుండును.

అయితే త్రవ్వువారు పామరులేయని యెంచుట న్యాయము కాదు. అమరావతిస్తూపమును మొదట కలచినది రాళ్లకై త్రవ్వించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయనివారి మనుష్యులు. 1797లో మెకంజీ చూచిన దిబ్బనడుమ, 1816లో ఆతడు తిరిగివచ్చునప్పటికి చెఱువు త్రవ్వుట మొదలైయుండెను. 1880లో సాక్షాత్తు మద్రాసు గవర్నరుగారి యుత్తరువుచేత మిగిలినదంతయు ఒక్కుమ్మడిగా త్రవ్వబడి, ఏ పలక యెచ్చట నిలిచియుండెనో తెలియకుండ పోయినది. ఆ పలకలకై మనము చెన్నపట్టణమునకును, లండనునకును పోవలెను.

ఇందులకు ప్రతిగా కోటిలింగాలను చూపుదును. గోదావరితీరమున, నేడు జగిత్యాలజిల్లాలో నున్న యా గ్రామమునందు, వానలకు మట్టి కొట్టుకొనిపోగా తేలిన చిన్నచిన్న నాణెములను, ఎవరును విలువయీయని సీసపు రాగి బిళ్లలను, ఆ ప్రాంతపు పురావస్తుప్రియు డొకడు ఓపికతో నేరి, పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారికి చూపెను. వానిపై గోబద, సమగోప మొదలగు వినని రాజుల పేరులును, శాతవాహనులలో మొదటివాడగు శ్రీముఖుని పేరును చదువబడినవి. పిమ్మట 1979 మొదలు ప్రభుత్వమువా రచ్చట త్రవ్వకములు జరిపిరి. ఆ బిళ్లలను బజారులో అమ్మినచో ఒకపూట బియ్యమునకు చాలియుండవు. వానివలన తెలంగాణముయొక్క చరిత్ర వెనుకకు శతాబ్దములు పెరిగెను. ఆయనకు యంత్రము లేదు. దొరకినచోటు తెలిసియుండెను, చెప్పుకొనదగిన మనుష్యుడు దొరకెను.

ఈ రెండవదే మన పల్లెలలో కఱవైనది. 1878 సంవత్సరపు నిధిచట్టము మనదేశమున కలదు. కొన్ని రాష్ట్రములు తమకు తగినట్లు మార్చుకొనినవి. పదిరూపాయల విలువకు మించినది దొరకినచో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. దాచినవానికి ఏడాదివఱకు చెఱసాల కలదని ఊరందఱును ఎఱుగుదురు. కాని పాతిపెట్టిన సొంతదారు తేలనిచో, వేఱొడంబడిక లేనప్పుడు, ముప్పాతికభాగము దొరకినవానికిని పాతిక భూమి యజమానునికిని చెందుననియు, ప్రభుత్వమే తీసికొనదలచినచో లోహపు వెలకు అయిదవవంతు చేర్చి యియ్యవలెననియు అదే చట్టమున నున్నదని యెందఱెఱుగుదురు? ఊరిలో బిందె దొరకినచో పోలీసువా రొకవైపు, పంపకపు తగవు లొకవైపు, నడుమ కంసాలి మూస — ఇదియే జనుల యనుభవము. శిక్షను తెలిపి హక్కును తెలుపని చట్టము నాణెమును మూసకే పంపును. నెల్లూరి రైతునాటి భయము రెండువందల యేండ్లు దాటినను పోలేదు.

కావున జిల్లాకొక యుద్యోగి, ఆతనియొద్దకు భయములేక పోవుటకు ఒక దారియు ఏర్పడువఱకు మనదేశమున వినోదార్థము యంత్రమును త్రిప్పుటకు నేను సమ్మతింపను. ఆ దారి నేర్పఱచుట ప్రభుత్వమువారి పని. ఈలోగా పల్లెలనుండి వచ్చు మన విద్యార్థులు చేయదగినది కొంత కలదు. చేనిలో నాణెము కనబడినచో చింతపండుతోను, బూడిదతోను తోమరాదు. తోమినచో అక్షరములు పోవును. ప్రక్కనున్న పెంకులను పాఱవేయరాదు. ఒకటి దొరకినదని రెండవదానికై గొయ్యి త్రవ్వరాదు. పొలము పేరు, సర్వే నంబరు, ఎంతలోతున నుండినది, ఏ దినమున దొరకినది కాగితముమీద వ్రాసి, పెద్దల సంతకముతో కలెక్టరు కచ్చేరికి పంపి రసీదు పుచ్చుకొనవలెను. చట్టమే దొరకిన స్థలమును, తేదీని అడుగుచున్నది. ఆ చట్టపు ముఖ్యాంశములను తేటతెలుగున వ్రాసి, మన విద్యార్థుల గ్రామములలోని పాఠశాలల గోడలకు అంటించు పనిని వచ్చు వేసవి సెలవులలో పై తరగతులవారు పూనుకొందురేని, అచ్చుకూలి యెంతమాత్రము భారముకాదు.